కొంగల ఆఖరి సీజను

నాన్న పోయిన ఏడాదికి, అమ్మని ఫ్రిస్కోలో మా ఇంటికి తీసుకొచ్చేద్దామని న్యూజెర్సీ వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళకి పైగా ఒకే ఊళ్ళో ఉన్న మనిషి సామాను సర్దడమంటే మాటలు కాదు. వంటింట్లో మూడు మిక్సీలున్నాయి. ఒక్కటీ తిరగదు, ఒక్కటీ పారెయ్యనివ్వదు. "అది మీ నాన్న ఐసెలిన్‌లో ఇండియన్ షాపుకెళ్ళి తెచ్చింది," అంటుంది. మూడోదీ నాన్న తెచ్చిందేనట. మూడో రోజుకి నా ఓపిక అయిపోయి, అమ్మ కునుకు తీస్తున్న సమయం చూసి బీరువా ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాను. ఆకుపచ్చ కంచిపట్టు చీర మడతలో పల్చగా, గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఫ్రిజ్‌కి అతికించుకునే అయస్కాంతపు క్యాలెండర్. మా ఊరి బేస్‌బాల్ టీమ్ షెడ్యూలు అది, మే నుంచి సెప్టెంబర్ దాకా. పైన ఒంటికాలి మీద నుంచున్న కొంగ బొమ్మ, దాని ముక్కున బ్యాటు. తేదీల గడుల్లో కాటుక చుక్కలు. ఆగస్టులో ఒక గురువారం దాకా వచ్చి చుక్కలు ఆగిపోయాయి.

ఆ చుక్కలు నాకు తెలుసు. అమ్మ అగ్గిపుల్ల కొసని కాటుకలో అద్ది, సాయంత్రం దీపం పెట్టే ముందు ఫ్రిజ్ దగ్గరకొచ్చి పెట్టేది. అయిపోయిన మ్యాచ్‌లు గుర్తుపెట్టుకుంటోందని అనుకునేదాన్ని. నాకప్పుడు పదకొండేళ్ళు. అమ్మ కూడా నాలాగే కొంగల మనిషైపోయిందని సంబరపడిపోయాను కూడా.

మా నాన్న బాపట్లలో వ్యవసాయం చదివినవాడు. మేనత్త స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు మీద వచ్చాం. ఆ చదువుకి ఇక్కడ దొరికిన ఉద్యోగం ఆ బేస్‌బాల్ స్టేడియంలో గడ్డి పెంచడం. టీమ్ పేరు హెరన్స్, అంటే కొంగలు. పెద్ద లీగుల వాళ్ళతో సంబంధం లేని చిన్న టీమ్. ఆడేవాళ్ళకి జీతాలిస్తారు గనక ప్రొఫెషనల్ అనాలి గానీ, కుర్రాళ్ళు ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో ఖాళీ గదుల్లో ఉండి, పాత బస్సులో ఊరూరూ తిరిగి ఆడేవారు. మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్ళందరూ కంప్యూటర్ల మనుషులు. కొత్తగా వచ్చిన అంకుల్ ఎవరైనా "మీ డాడీ క్లయింట్ ఎవరమ్మా?" అనడిగితే "గడ్డి, అంకుల్" అనేదాన్ని. నవ్వాలో జాలిపడాలో వాళ్ళకి తెలిసేది కాదు. నాకైతే గర్వమే. ఎవరి నాన్నకి అంత పొలం ఉంది?

పొలమనే అనేవాడు నాన్న. మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు దాటితే స్టేడియం. తెల్లవారకుండా వెళ్ళి గడ్డి కోసేవాడు. ఎర్రమట్టికి నీళ్ళు పెట్టి, ఇనప వల ఈడ్చి చదును చేసేవాడు. దారం పట్టుకుని సున్నపు గీతలు గీసేవాడు. మబ్బు పడితే చాలు, మెడ ఎత్తి చూసి "గంటలో వాన" అనేవాడు. ఆయన బాస్ వాల్ట్ అనే పెద్దాయన టీవీలో వెదర్ చూడడం మానేసి "రావ్, వాట్ డూ యూ సే?" అని నాన్ననే అడిగేవాడు. వానొస్తే పన్నెండు మంది కలిసి మైదానం మీదికి పెద్ద టార్పాలిన్ ఈడ్చేవారు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నాన్న ఒంటినిండా కోసిన గడ్డి వాసన. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిస్తే ఆ వాసన లోపలిదాకా వచ్చేది. ఇప్పుడు ఫ్రిస్కోలో మా లాన్ ఎవరో వచ్చి కోసి వెళతారు, వాళ్ళ పేరు కూడా నాకు తెలియదు. ఆ వాసనొచ్చిన రోజు మాత్రం కిటికీలు మూసేసుకుంటాను.

ఆ ఏడు అమ్మ కడుపుతో ఉంది. అంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. మూడోసారని డాక్టరు అవసరానికి తప్ప మంచం దిగొద్దన్నాడు, నాన్న ఇండియా నుంచి నాయనమ్మని పిలిపించాడు. నాయనమ్మ ఆవకాయతోపాటు నియమాలు కూడా ఓ పెట్టెడు మోసుకొచ్చింది. అమ్మ గుమ్మంలో కూర్చోకూడదు, గ్రహణం నాడు కత్తి పట్టకూడదు. అన్నిటికన్నా పెద్దది నాన్నకి. భార్య కడుపుతో ఉండగా మగవాడు జుట్టు తీయించుకోకూడదు, గడ్డం గీసుకోకూడదు. "ఒరేయ్ శీనూ, మిగతావాళ్ళు ఐదో నెల నుంచి పాటిస్తార్రా. మనకి రెండు పోయాయి. ఇవాళ్టి నుంచే కత్తి ముట్టుకోకు," అంది. చదువుకున్నవాడే, మొదటి రెండుసార్లూ నవ్వి ఊరుకున్నవాడే, ఈసారి కిమ్మనలేదు. షేవింగ్ సెట్టు తీసుకెళ్ళి అటకలాంటి పై అల్మైరాలో పెట్టేశాడు.

మే నెలలో సీజను మొదలయ్యే సరికే నాన్న గడ్డం బారెడయింది. విచిత్రమేమిటంటే, కొంగలు గెలవడం మొదలుపెట్టాయి. బేస్‌బాల్ ఆడేవాళ్ళంత శకునాల పిచ్చివాళ్ళు నాకు మరెక్కడా కనపడలేదు. గెలిచిన రోజు వేసుకున్న మేజోళ్ళు ఉతకరు. సున్నపు గీత తొక్కరు, దాటి వెళతారు. వరసగా గెలుస్తుంటే గడ్డాలు కూడా గీసుకోరు. ఒక ఆదివారం స్టేడియంకి తీసుకెళితే నాయనమ్మ కుర్రాళ్ళందరినీ పరకాయించి చూసి, "పాపం, వీళ్ళందరి పెళ్ళాలూ కడుపుతో ఉన్నారా ఏమే?" అంది. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మనుషులు మాత్రం బాగా అర్థమయ్యారు ఆవిడకి. దూరాన కదలకుండా నుంచునే ఫీల్డర్లని చూసి, "కొంగజపం చేస్తున్నారు, చూడు, బంతి ఇటొస్తే గుటుక్కున పడతారు," అనేది. రోజూ నేను రాగానే "మీ కొంగలు గెలిచాయా?" అనడగడం ఆవిడకి అలవాటైపోయింది.

ట్రెవర్ అని ఒకడుండేవాడు, క్యాచరు. బంతి విసిరేవాడికి ఎదురుగా, తెల్ల పలక వెనకాల గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు. నాన్న గడ్డాన్ని మొదట ముట్టుకున్నది వాడే. ముట్టుకున్న రోజు బంతిని కంచె దాటించాడు. ఇంకేముంది, మ్యాచ్‌కి ముందు తొమ్మండుగురూ వరసగా వచ్చి నాన్న గడ్డం తాకి మైదానంలోకి వెళ్ళడం మొదలైంది. తిరపతి వెంకన్న పాదాల్లాగా నాన్న గడ్డానికి క్యూ. నాన్న సిగ్గుపడుతూ, సున్నం చేతులతో నవ్వుతూ నుంచునేవాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

జులై చివర్లో తిరగబడింది. వరసగా ఓడిపోవడం మొదలైంది. మూడు, ఐదు, ఎనిమిది. వచ్చే ఏడు టీమ్ ఉండాలంటే ఈసారి పై రౌండుకి వెళ్ళాల్సిందేనని, లేకపోతే ఓనరు అమ్మేస్తాడని వాల్ట్ మా గుమ్మంలో నుంచుని నాన్నతో అంటుంటే విన్నాను. టీమ్ పోతే నాన్న ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఇన్సూరెన్సు పోతుంది, ఆ ఇన్సూరెన్సు మీదే అమ్మ డాక్టరు. ఈ ముక్క అర్థమయ్యే వయసే నాది, అర్థమయ్యాక ఏం చెయ్యాలో తెలిసే వయసు కాదు. గడ్డం తాకి వెళ్ళిన కుర్రాళ్ళే ఇప్పుడు దాన్ని అదోలా చూడసాగారు. శకునం తిరగబడితే దాన్ని తీసెయ్యాలి, వాళ్ళ లెక్క అంతే. "రావ్, కమాన్ మ్యాన్, షేవ్ ఇట్. ప్లీజ్," అని ట్రెవర్ నవ్వుతూ అన్నాడు మొదట్లో. తర్వాత నవ్వకుండా అన్నాడు. "నా భార్య…" అని నాన్న ఏదో చెప్పబోయి, చెప్పే ఇంగ్లీషు లేక, తల అడ్డంగా ఊపాడు. గీతలు గీస్తున్న నాన్నతో మాట్లాడకుండా పక్కనుంచి వెళ్ళిపోయేవారు. నాకు వాళ్ళమీద కాదు, నాన్న మీద కోపమొచ్చింది. కొంచెం గీసుకుంటే ఏం పోతుంది అనుకున్నాను.

పదకొండు ఓటముల తర్వాత ఒక శనివారం. సాయంత్రం ఐదింటికి మ్యాచ్. నాన్న మధ్యాహ్నం వచ్చి పెరుగన్నం తిని, హాల్లో నేలమీదే నిద్రపోయాడు. నాయనమ్మ జపంలో ఉంది. అమ్మ లోపల కిటికీ వైపు తిరిగి పడుకుంది. వంటింట్లో పాల ప్యాకెట్లు కత్తిరించే కత్తెర తెచ్చాను. గడ్డం జోలికి వెళ్ళలేదు, కనిపిస్తుంది కదా. కుడి చెవి వెనక, లోపల్నించి ఒక్క పాయ. నాన్న కదల్లేదు. దాన్ని శాండ్‌విచ్ సంచిలో పెట్టుకుని రోడ్డు దాటి వెళ్ళి ట్రెవర్ చేతికిచ్చాను. "గడ్డం తియ్యడం కుదరదు. దీంతో సరిపెట్టుకోండి," అని నా ఇంగ్లీషులో చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, తెల్ల పలక వెనక మట్టిలో వేలితో గుంట చేసి, ఆ జుట్టు పెట్టి, మట్టి కప్పి అరచేత్తో తట్టాడు.

గెలిచాం. ఆఖరి బంతికి ట్రెవరే కొట్టాడు. నేను రోడ్డు ఎలా దాటానో నాకే తెలియదు. చెప్పులతోనే లోపలికి పరిగెత్తి, అమ్మ పక్కన మంచం మీదికెక్కి, ఆమె పొట్ట మీద చెయ్యేసి "చెల్లీ, గెలిచాం!" అని అరిచాను. చెల్లాయేనని స్కాన్‌లో తెలిసింది మాకు. అమ్మ నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది. నాతోపాటు సంతోషిస్తోందనుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. సీమంతానికి అపార్ట్‌మెంట్ ఆంటీలు తొడిగిన ఆకుపచ్చ గాజుల్ని నర్సు సబ్బునీళ్ళతో ఒక్కొక్కటే తీసి సంచిలో వేసింది. నాన్న టీమ్ టోపీ పెట్టుకుని గోడకి ఆనుకుని నుంచున్నాడు. లోపలికి వెళ్ళేటప్పుడు టోపీ తియ్యమని నర్సు అడిగినా తియ్యలేదు. ఆయనకి తెలిసిపోయిందా? సాయంత్రానికి అంతా అయిపోయింది. చెల్లాయి ఏడవలేదు. నన్ను చూడనివ్వలేదు. ఇంటికొచ్చాక నాన్న స్నానాల గదిలో తలుపేసుకుని గడ్డం, తల మొత్తం తీసేసుకుని బయటికొచ్చాడు. ఆ మొహం నేను మర్చిపోయిన మొహం. చూడలేక వంటింట్లోకి పారిపోయాను.

నాయనమ్మ నెల తర్వాత తిరుగు విమానం ఎక్కేదాకా ఒక్కటే మాట. "ఏ నియమం తప్పామే? ఎక్కడ తప్పామే?" అని గోడనీ గుమ్మాన్నీ అడిగేది. తను వచ్చేటప్పుడు బయల్దేరిన వేళ మంచిది కాదేమోనని చివరికి తనమీదే వేసుకుని వెళ్ళిపోయింది. నేను నోరు విప్పలేదు. కొంగలు ఆ వారమే మళ్ళీ ఓడిపోవడం మొదలుపెట్టి, సెప్టెంబర్‌కల్లా ఆట ముగించి, ఆ తర్వాత లేకుండా పోయాయి. స్టేడియం ఉన్నచోట ఇప్పుడు గోడౌన్లు. నాన్న ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి పెంచడానికి వెళ్ళాడు, పొలమనే మాట మాత్రం మళ్ళీ అనలేదు. నేను చదివాను, సైన్సే చదివాను. పెళ్ళయింది, కూతురు పుట్టింది. జుట్టుకీ గర్భానికీ సంబంధం లేదని వందమందికి చెప్పగలను. నా కడుపులో పిల్ల ఉన్నన్నాళ్ళూ మా ఆయన్ని మాత్రం మంగలి షాపు ఛాయలకి వెళ్ళనివ్వలేదు. ఆయనకి కారణం చెప్పలేదు. మనిషికి తెలిసింది వేరు, భయం వేరు.

ఆ క్యాలెండర్ పట్టుకుని బీరువా ముందు కూర్చుని ఉండగా ఒక విషయం గమనించాను. మ్యాచ్ లేని రోజులు తెల్ల గడులు. ఆ తెల్ల గడుల్లో కూడా చుక్కలున్నాయి. అమ్మ నిద్రలేచి వచ్చి నా చేతిలో ఉన్నది చూసింది. వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఇవేంటమ్మా?" అన్నాను.

"కదిలిన రోజులు. అంతకు ముందు వారాల్లో డాక్టర్ గుండె వినిపించిందని చెబితే చాలు, ధైర్యంగా చుక్క పెట్టుకునేదాన్ని. తర్వాత కదలడం మొదలెట్టింది. రోజూ చూసుకోమంది నర్సు."

నా వేలు గురువారం దగ్గర ఆగింది. అమ్మ దాన్ని చూసి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "శుక్రవారం కదల్లేదు. శనివారం కూడా. ఎవరికీ చెప్పలా. అంతకు ముందు రెండుసార్లూ పరిగెత్తుకుంటూ వెళ్ళాను కదా, వెళ్ళగానే లేదన్నారు. ఈసారి వెళ్ళకపోతే ఉన్నట్టే కదా అనుకున్నా. అంత బుద్ధిలేని దాన్నే నేను. శుక్రవారమే వెళ్ళుంటే బతికేదేమో. మీ నాన్నకి కూడా చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు."

గురువారం. నేను కత్తెర పట్టింది శనివారం. ముప్ఫై ఏళ్ళు మోసిన బరువు ఆ రెండు ఖాళీ గడుల్లోంచి జారి కింద పడిపోయింది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అమ్మ వీపు కనిపించింది. చిన్నదైపోయి, వంగిపోయి, కిటికీ వైపు తిరిగి. నా బరువు ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్ళూ రెండింతలై అమ్మ మీదే ఉంది. అమ్మ ఇప్పటికీ శుక్రవారం గోళ్ళు తియ్యని మనిషి. ఆమె నమ్మే కారణం ఒకటి నా దగ్గరుంది. ఇచ్చేద్దామనుకున్నాను.

"అమ్మా, నువ్వు కాదు. నేను. నాన్న నిద్రపోతుంటే జుట్టు కత్తిరించాను. టీమ్ గెలవాలని. గురువారం మధ్యాహ్నం కత్తిరించాను. అందుకే శుక్రవారం నుంచి…" ఏడ్చేశాను. ఏడుపు మాత్రం అబద్ధం కాదు.

అమ్మ కిటికీ నుంచి నా వైపు తిరిగింది. తర్వాత, "కుడి చెవి వెనక," అంది.

నేను తలెత్తాను.

"శనివారం తెల్లారకముందే, పనికెళ్ళేలోపు తలంటుకి నేనే నూనె పెట్టాను మీ నాన్నకి. కుర్చీలో కూర్చుని, ఆయన్ని కింద కూర్చోబెట్టుకుని. జుట్టంతా ఉంది. ఆదివారం హాస్పిటల్‌కి బయల్దేరుతుంటే చూశాను, ఎలక కొరికినట్టు. నువ్వు తప్ప ఇంకెవరు చేస్తారు? అత్తయ్యగారు చూస్తే నిన్ను బతకనివ్వరని నేనే చెప్పా, 'టోపీ పెట్టుకోండి, ఎవరన్నా తియ్యకండి' అని. ఎందుకని ఆయన అడగలేదు. పెట్టుకున్నారు." నా తల మీద చెయ్యేసి, "గురువారం అంటావేంటే, పిచ్చిదానా," అంది.

నా దగ్గర ఇక ఇవ్వడానికేమీ లేదు. ఆమె ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను, నలభై దాటిన దాన్ని. "మరి శనివారం సాయంత్రం నేను వచ్చి అరిచినప్పుడైనా చెప్పలేకపోయావా?" అనడిగాను. కోపంగానే అడిగాను.

"చెబుదామనే నీ చెయ్యి పట్టుకున్నా. ఆ ఇంట్లో ఆ పూట సంతోషంగా ఉన్నది నువ్వొక్కదానివే. ఆ ఒక్క రాత్రయినా ఉండనిద్దామనిపించింది," అంది.

అమ్మ ఇప్పుడు ఫ్రిస్కోలో మా ఇంట్లోనే ఉంది. మిక్సీలు మూడూ వచ్చాయి. మా ఫ్రిజ్ స్టీల్‌ది, ముందువైపు అయస్కాంతం అంటుకోదు. పక్కవైపు అంటుకుంది. కొంగ రంగు వెలిసిపోయింది గానీ కాటుక చెక్కు చెదరలేదు. మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తలుపు తీసి, అక్కడే నిలబడిపోయింది. "మామ్, వాట్ ఈజ్ దిస్? ఈ డాట్స్ ఏంటి? గేమ్స్ విన్ అయినవా?" అంది.

అమ్మ వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

"కాదమ్మా," అన్నాను. "అది మీ పిన్ని."